నూట పది కిలోల లోపు

స్టేషను క్వార్టర్సు,
కింది వాటా

ఒరేయ్ తమ్ముడూ,

ఫోనులో చెబితే నువ్వు అరుస్తావు. కాగితం మీద ఎంత అరిచినా పక్కింటికి వినపడదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. ఇంట్లోకి ట్రెడ్‌మిల్ వచ్చింది. నేనే కొన్నాను, చవకరకం. మడిచి గోడకి ఆనించుకోవచ్చని షాపువాడు చెప్పాడు. ఒకసారి మడిచాక మళ్లీ విప్పడానికి మీ బావా నేనూ పడ్డ పాట్లు చూసి, ఇక విప్పే ఉంచేశాం. హాల్లో సగం అదే. మొదటి రోజే మీ బావ దాని పిడి మీద తడి చొక్కా ఆరేశాడు. నిలువుగా ఏ కడ్డీ కనిపించినా దానికో చొక్కా తగిలించకపోతే ఆ డ్రాయింగు మాస్టారికి తోచదు.

ఎందుకు కొన్నానో నీకు తెలిసిందే, అయినా రాస్తాను. పోయిన ఏడాది కదిలే బండిలో నాలుగో పెట్టెకి వచ్చేసరికి ఆయాసం వచ్చి ఎవరిదో ట్రంకుపెట్టె మీద కూలబడ్డానా, ఆ సంగతి మా పెద్దసారు దాకా వెళ్లింది. ఆయన జాలిపడ్డాడు. ఆ జాలి ఫలితంగా ఇన్నేళ్ల టీసీ ఉద్యోగం నుంచి తెచ్చి నన్ను పోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. గొడుగులకీ, ఒంటి చెప్పులకీ, ఎవరో మరిచిపోయిన కట్టుడు పళ్లకీ కాపలా. కూర్చుని కూర్చుని ఒళ్లు ఇంకా పెరిగింది. మళ్లీ రైళ్ల మీదికి వెళ్లాలంటే వైద్య పరీక్ష నెగ్గాలట. ఆసుపత్రిలో ఈ ట్రెడ్‌మిల్ లాంటిదే, ఇంకా పెద్దది, దాని మీద డాక్టరు చాలనేదాకా నడవాలి. వానలు తగ్గేలోపు ఒక్కటే అవకాశం. తప్పితే ఈ గదే ఖాయం, నా బండ్లు ఇంకెవరి పేరనో రాసేస్తారు. బండిలో ఉన్నప్పుడు కాళ్లు నొప్పులని రోజూ తిట్టుకునేదాన్ని. ఇప్పుడు కిటికీలోంచి రైలు కదులుతుంటే కాళ్లు వాటంతట అవే లేస్తున్నాయి.

మీ సంఘం మిక్సీలకీ ఫ్యాన్లకీ తీర్పులు చెబుతుంది కదా, దీని సంగతి కూడా చూసి చెప్పు. మెల్లగా పెడితే అడుగు వేసినప్పుడల్లా కాళ్ల కింద తిరిగే పట్టా ఒక్క క్షణం ఎక్కిళ్లు పెడుతోంది. ఎలాగూ కొనేశాను కాబట్టి మంచిదని చెప్పినా నాకేం అభ్యంతరం లేదు.

అక్క


వినియోగదారుల సంఘం,
మేడ మీద గది

అక్కా,

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండిపోయింది. కొనకముందు అడగాలని ఎవరికైనా తోస్తుంది. సొంత తమ్ముడు ఊరూరా తిరిగి వినియోగదారుల హక్కుల మీద గొంతు చించుకుంటుంటే, సొంత అక్క షాపువాడి మాట నమ్మి సంచీ విప్పిందని తెలిస్తే మా సంఘంలో నా ముఖం ఎక్కడ పెట్టుకోను?

ఆ యంత్రం ప్రకటన చూశాను. దాని మీద నడుస్తున్న అమ్మాయి నా చిటికెన వేలంత ఉంది. ఆవిడకి యంత్రం దేనికి, కిటికీ తెరిస్తే గాలే తీసుకెళ్తుంది. లావుగా ఉన్న మనిషిని చూపించి అమ్మే ధైర్యం వీళ్లకి లేదు, లావుగా ఉన్న మనిషి జేబు మాత్రం కావాలి. మార్కెట్టు నీతి అంటే ఇదే. నిన్న సమావేశంలో ఈ మాట అంటూ బల్ల గుద్దాను. టీ ఒలికి మా కార్యదర్శి కాగితాలు తడిశాయి. (ఆయన్ని మేం కళ్లజోడు అంటాం, ముఖంలో ఇంకేమీ కనిపించదు కాబట్టి.) అయినా తీర్మానం నెగ్గింది. అదే రకం యంత్రం సంఘం తరఫున తెప్పించి పరీక్షించబోతున్నాం. కరపత్రంలో ట్రెడ్‌మిల్ అనం, నడక యంత్రం అంటాం. అది ప్రజల భాష. అచ్చు వేసే ఆయన మాత్రం ప్రజలు ట్రెడ్‌మిల్ అనే అంటారు బాబూ అన్నాడు. ఆయన సంగతి తర్వాత చూస్తాను.

ఒక్కటే చిక్కు. సంఘంలో ఉన్నవాళ్లమంతా ఎముకల గూళ్లం. కాబట్టి ఇసుక బస్తాలు ఎక్కించి శాస్త్రీయంగా పరీక్షిస్తాం. మనిషి సాక్ష్యం కావాలంటే నువ్వు ఉన్నావు. డబ్బా మీద నూట పది కిలోల వరకు అని ఉంది. నీ బరువెంత? రోజూ నడిచి ఏం జరుగుతోందో దాచకుండా రాయి.

తమ్ముడు


స్టేషను క్వార్టర్సు,
కింది వాటా

ఒరేయ్ విప్లవం,

నా బరువు మీ బావకే తెలియదు, నీకు చెబుతానా. డబ్బా మీద రాసినదానికి లోపలే ఉన్నానని రాసుకో, చాలు.

నడక మాత్రం బాగా సాగుతోంది. మొదటి రోజు రేడియోలో ఒక పాట అయ్యేలోపే దిగిపోయాను. ఇప్పుడు వార్తలు మొత్తం వినగలుగుతున్నాను. ప్రపంచంలో ఇన్ని ఘోరాలు జరుగుతున్నాయని ఇన్నాళ్లూ తెలియదు. మెల్లగా నడిస్తే ఎక్కిళ్లు అలాగే ఉన్నాయి, కాలు మోపగానే పట్టా తడబడి మళ్లీ పరుగెడుతుంది. వేరే వాళ్లయితే పిడి పట్టుకుని వేలాడతారు. నేను పట్టుకోను. మా ఉద్యోగంలో మొదట నేర్పేదే అది, బండి ఎంత ఊగినా ప్రయాణికుడి సీటు మీద చెయ్యి వెయ్యకూడదు. నాకు పని నేర్పిన సీనియరు, చెయ్యి సీటు వైపు వెళ్తే చాలు, మోచేతి మీద స్కేలుతో కొట్టేవాడు. అందుకని పట్టా తడబడినప్పుడల్లా నాకు భయం వెయ్యదు. బండి పట్టాలు మారుతున్నట్టుంటుంది. నిజం చెప్పాలా, అందుకే ఇది నాకు నచ్చింది. షాపులో ఖరీదైనది ఎక్కి చూశాను, నేల మీద నిలబడ్డట్టే ఉంది, నడిచినట్టే లేదు.

నిన్న మీ బావ ఎదురుగా కుర్చీ వేసుకుని నా బొమ్మ గీస్తానన్నాడు. కాసేపటికి, కొంచెం కదలకుండా ఉండవోయ్ అని విసుక్కున్నాడు. పట్టా మీద నడుస్తున్నదాన్ని. నవ్వి నవ్వి దిగిపోవాల్సి వచ్చింది.

పట్టా కింద కిర్రుమంటుంటే కుట్టుమిషను నూనె పోశాను. ఇప్పుడు కిర్రు లేదు గానీ అప్పుడప్పుడు జారుతోంది. ఇదంతా నీ పరీక్షకి వాడుకో. నా పేరు మాత్రం పెట్టకు.

అక్క


వినియోగదారుల సంఘం,
మేడ మీద గది

అక్కా,

విజయం. కరపత్రం అచ్చయింది, ఒకటి ఇందులో పెడుతున్నాను. అక్షరాల ఎరుపు చూడు. ‘మోసపోతున్న భారీకాయులారా’ అన్న శీర్షిక నాదే.

మా పరీక్ష గురించి చెప్పాలి. రెండు ఇసుక బస్తాలు పట్టా మీద పేర్చి, అవి వెనక్కి పోకుండా పిడికి తాళ్లతో కట్టి, మీట నొక్కాం. పట్టా కదిలింది, బస్తాలు కదల్లేదు, ఆ రాపిడికి ఒక బస్తా చిరిగి ఇసుకంతా యంత్రం కడుపులోకి పోయింది. ఏనుగు పళ్లు కొరికినట్టు ఒక చప్పుడు చేసి ఆగిపోయింది. కళ్లజోడు గడియారం చూసి, యంత్రం ఓడిపోయింది అని ప్రకటించాడు. అందరం చప్పట్లు కొట్టాం. దానికి తోడు నీ సాక్ష్యం ఉండనే ఉంది. రెండో పేరాలో చూడు: ‘ఒక నిరుపేద రైల్వే మహిళా ఉద్యోగి, కదలలేని స్థితిలో, కంపెనీ మాట నమ్మి ఈ యంత్రం కొని, ప్రతి అడుగుకీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంటోంది. ఆమె బరువు కంపెనీ చెప్పిన హద్దుకి లోపలే.’ అక్కడికి వచ్చేసరికి అచ్చు వేసే ఆయనే పని ఆపి రెండుసార్లు చదువుకున్నాడు. నీ పేరు ఎక్కడా లేదు, మాట నిలబెట్టుకున్నాను. అన్ని స్టేషన్లకీ కట్టలు పంపాం, మీ స్టేషనుకి కూడా.

కుట్టుమిషను నూనె సంగతి చదివి తల పట్టుకున్నాను. అది పట్టాని తినేస్తుంది. గుడ్డతో మొత్తం తుడిచేసి, సిలికాన్ నూనె అని అడిగి తెచ్చుకో. అసలు తెచ్చుకోకు. ఆ యంత్రం వెంటనే వెనక్కి ఇచ్చెయ్. షాపువాడు తీసుకోనంటే చెప్పు, షాపు ముందు కూర్చోవడానికి మనుషుల్ని తీసుకుని వస్తాను.

తమ్ముడు


స్టేషను క్వార్టర్సు,
కింది వాటా

తమ్ముడికి,

నీ కరపత్రం నువ్వు పంపకముందే చూశాను. పెద్దసారు బల్ల మీద ఉంది. నన్ను పిలిచి, తలుపు దగ్గరికి వేసి, కూర్చోమన్నాడు. రైల్వే మహిళా ఉద్యోగుల్లో ట్రెడ్‌మిల్ కొన్నది ఈ స్టేషనులో నేనొక్కదాన్నే, ఆయనకి పోల్చుకోవడం ఎంతసేపు. మీ తమ్ముడి సంఘమే కదమ్మా అన్నాడు. తర్వాత చాలా మెత్తగా, "కదలలేనప్పుడు పరీక్ష దేనికమ్మా, ప్రాణం మీదికి తెచ్చుకోకు" అన్నాడు. ఆసుపత్రికి పంపాల్సిన నా కాగితం సొరుగులో పెట్టేశాడు. ఆయన చెడ్డవాడైతే పోట్లాడేదాన్ని. మంచివాడు, అదే ఇబ్బంది. నేను రోజూ నడుస్తున్నానని చెబితే, అచ్చులో ఉన్నది చూపించాడు.

నేను నిరుపేదని కాను. నెల తిరిగేసరికి జీతం వస్తుంది, ఆ యంత్రం నా జీతంతో కొన్నాను. కదలలేని స్థితిలో లేను. కదులుతున్నానని నీకు రెండు పేజీలు రాశాను. అందులోంచి నువ్వు ఎక్కిళ్లు మాత్రం ఏరుకున్నావు. బాగుందని రాసిన వాక్యాలు నీ కంటికి ఆనలేదు, వాటితో కరపత్రం రాదు కాబట్టి.

బరువు అడిగావు కదా. కొన్ననాడు నూట పద్దెనిమిది. షాపువాడు అడిగితే నూట అయిదన్నాను, మీ బావ పక్కనే నిలబడి సీలింగు ఫ్యానుని పరిశీలించాడు. ఇవాళ నూట పదకొండు. అంటే హద్దు దాటింది నేను, మాట తప్పింది యంత్రం కాదు. నేను దాచాను, ఆ మాట నిజమే. కానీ వేరే ఎవరైనా అయితే నువ్వు తూకం యంత్రం భుజాన వేసుకుని వాళ్లింటికి వెళ్లేవాడివి. అక్కని కదా, రెండోసారి అడగలేదు.

లావుగా ఉన్నవాళ్లకి ఏది పనికొస్తుందో తేల్చడానికి లావుగా ఉన్నవాళ్లని ఒక్కర్నయినా అడిగావా? ఇసుకని అడిగావు. మళ్లీ తీర్పు చెప్పే ఉద్దేశం ఉంటే విను. పోస్టర్లు వెయ్యకు, ఒక్కొక్కర్నీ వెళ్లి మర్యాదగా అడుగు. కిటికీకి తెర కట్టు. చేతుల్లేని గట్టి కుర్చీ ఒకటి పెట్టు. చేతులున్న కుర్చీలో కూర్చోవడం కాదు మాకు కష్టం, లేచేటప్పుడు అది కూడా వెంట రావడం కష్టం. అన్నిటికంటే ముందు ఆ యంత్రాన్ని మేడ మీద నుంచి కిందికి దింపు. అన్ని మెట్లు ఎక్కి వచ్చి నడవగలిగినవాళ్లకి నీ యంత్రంతో పనేముంది?

ఇక్కడికి రాకు. వచ్చి పెద్దసారుతో పోట్లాడితే ఉన్నది కూడా పోతుంది.

అక్క


వినియోగదారుల సంఘం,
మెట్ల కింద గది

అక్కా,

నీకు మూడు ఉత్తరాలు రాసి చింపేశాను. మొదటి రెండింటిలో నీతో వాదించాను. మూడోదాంట్లో నన్ను నేను ఎంత ఘోరంగా తిట్టుకున్నానంటే, చదివి చూస్తే అదీ ఒక కరపత్రంలాగే ఉంది. ఇది నాలుగోది.

కళ్లజోడుకి నీ ఉత్తరం చూపించాను. ఒక వాక్యం తప్పయినంత మాత్రాన ఉద్యమం తప్పవుతుందా అన్నాడు. ఆ వాక్యం మా అక్క అన్నాను. పెద్ద గొడవే అయింది, ఈసారి టీ ఆయన ఒలికించాడు. చివరికి కట్టలన్నీ వెనక్కి తెప్పించాం. మీ పెద్దసారుకి సంఘం ముద్ర వేసి ఒక కాగితం పంపాను. అందులో ఉన్నది ఇంతే: ‘ఆ కరపత్రంలో రాసిన ఉద్యోగిని మేం వెళ్లి చూడలేదు. ఆమె కదలలేదన్నది మా మాట, ఆమె మాట కాదు. ఆమె రోజూ నడుస్తోంది.’ విశేషణం ఒక్కటి కూడా లేదని కళ్లజోడు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు, జ్వరమేమోనని.

యంత్రాన్ని కిందికి దింపాం, నా కాలి వేలి గోరు పోయింది. ఇసుక దులిపి బాగు చేయించాం. నువ్వు చెప్పిన కుర్చీ కోసం మూడు వీధులు తిరిగాను, చివరికి బడిలో పాత బెంచీ దొరికింది. బట్టల షాపు క్యాషియరు గారిని, ఒక లారీ డ్రైవరుని, మా వీధి సంగీతం పంతులమ్మని అడిగాను. అడగడానికి నోరు రాలేదక్కా. వెయ్యి మంది ముందు మాట్లాడతాను గానీ, ఒక్క మనిషి కళ్లలోకి చూసి మీ బరువుతో నాకు పని ఉందండీ అనడం నా వల్ల కాలేదు. క్యాషియరు గారే అర్థం చేసుకుని, "ఏం బాబూ, లావు వాళ్లు కావాలా" అని నవ్వేశారు. ఆ తర్వాత సులువైంది.

ఇప్పుడు నీకు పనికొచ్చే మాట. ముగ్గురి దగ్గరా ఒకటే తేలింది. యంత్రానికి బరువు మోయడం కష్టం కాదు, మెల్లగా మోయడం కష్టం. వేగం తగ్గేకొద్దీ మోటారులో బలం తగ్గుతుంది, కాలు మోపిన ప్రతిసారీ పట్టా ఆగబోతుంది. వేగం ఒక మెట్టు పెంచితే ఎక్కిళ్లు సగం పోతాయి, తొంభై అయిదు కిలోల పంతులమ్మకైతే పూర్తిగా పోయాయి. లావుగా ఉన్నవాళ్లు మొదలుపెట్టేదేమో మెల్లగానే, ఇది తడబడేదీ సరిగ్గా అక్కడే. కాబట్టి నువ్వు ఎక్కువసేపు మెల్లగా నడవకు. ఒక మెట్టు పెంచు, కొద్దిసేపు నడు, ఆయాసం రాకముందే దిగు, మళ్లీ ఎక్కు. పంతులమ్మ అలా చేసి మొదటి రోజుకి రెట్టింపు నడిచారు. లారీ డ్రైవరు పొడుగు మనిషి, ఆయన మడమ పట్టా చివర బద్ద మీద పడుతోంది. పట్టా పొడవు గురించి డబ్బా మీద ఎవడూ రాయడు.

క్యాషియరు గారు దిగాక, ఇక్కడెవరూ నన్ను తిండి తగ్గించమని చెప్పలేదు, రేపు కూడా రావచ్చా అని అడిగారు. రోజూ వస్తున్నారు. కళ్లజోడు ఆవిడకి తలుపు తీసి పట్టుకుంటున్నాడు.

కొత్త తీర్పు ఇలా రాశాను, దిద్ది పంపు: ‘ఈ ట్రెడ్‌మిల్ చెడ్డది కాదు, డబ్బా మీద అంకె చెడ్డది. నూట పది అన్నచోట తొంభై అయిదని చదువుకోండి. అంతకంటే బరువున్నవాళ్లు ఇంకా బరువైన, పొడవైన యంత్రం చూసుకోండి. పొడుగువాళ్లు కొనకముందు ఎక్కి నడిచి చూడండి.’ ట్రెడ్‌మిల్ అనే రాశాను. అచ్చు వేసే ఆయన మీసం కింద నవ్వాడు.

పెద్దసారు సొరుగు తెరిచాడా? నిద్ర పట్టడం లేదు.

తమ్ముడు


స్టేషను,
టీసీల విశ్రాంతి గది

ఒరేయ్ తమ్ముడూ,

తెరిచాడు. నీ కాగితం చదివి, మా వాటా దాకా నడుచుకుంటూ వచ్చి, గుమ్మంలో నిలబడి చూశాడు. నేను అప్పుడు నువ్వు చెప్పిన మెట్టు మీదే ఉన్నాను, చెమటలు కారుతున్నాయి, మాట్లాడే స్థితిలో లేను. మీ బావ మర్యాదకి కూర్చోమంటే, ఆయన కూర్చోకుండా వార్తలు అయ్యేదాకా నిలబడి, రేపే పంపిస్తానమ్మా కాగితం అని వెళ్లిపోయాడు.

ఆసుపత్రి ట్రెడ్‌మిల్ మా హాలంత ఉంది. చిన్న పట్టాకి అలవాటు పడి ముక్కు పిడికి తగిలేంత ముందుకి వెళ్లి పొట్టి అడుగులు వేస్తుంటే నర్సమ్మ, వెనక బోలెడు చోటుందండీ, ఎవరూ ఎక్కరు అంది. డాక్టరు వేగం పెంచిన ప్రతిసారీ నాకు సులువైంది. ఎత్తు పెంచాక మాత్రం చుక్కలు కనిపించాయి. ఆపమనలేదు. ఆయనే ఆపాడు. పాసింజరు బండ్లకి పనికొస్తానని రాశాడు, ఎక్స్‌ప్రెస్సులకి ఆరు నెలలయ్యాక మళ్లీ చూస్తాడట. నాకు పాసింజర్లు చాలు. వాటిలో జనం మాట్లాడతారు.

నీ తీర్పులో దిద్దేదేమీ లేదు. ఇవాళ దాన్ని వాడాను కూడా. మొదటి రోజు డ్యూటీ. మూడో పెట్టెలో తలుపు పక్కన ఒకాయన నిలబడి ఉన్నాడు, నాకంటే భారీ మనిషి. లోపల ముగ్గురి సీట్లలో మధ్య చోట్లు ఖాళీగానే ఉన్నాయి. ఎందుకు కూర్చోలేదో నేను అడగలేదు, నాకు తెలుసు. ఈ బండికి పాత ప్రయాణికుడే, ఇన్నాళ్లూ కనపడలేదేం మేడమ్ అన్నాడు. నడక తగ్గి కిందికి దించారు, నడిచి మళ్లీ ఎక్కాను అని చెప్పాను. దేని మీద నడిచారని అడిగాడు, చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. అదే షాపులో అదే బండి చూసి వచ్చాడట, చవకగా ఉంది, సాయంత్రం దిగగానే కొనేస్తానన్నాడు.

ఆ యంత్రమంటే నాకు ప్రాణంరా. మా హాల్లో దాన్ని మీ బావ కంటే ఎక్కువ తుడుస్తాను. కొనండి అని నోటిదాకా వచ్చింది. మీ బరువెంత అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, బండి చప్పుడులో కలిసిపోయేంత మెల్లగా చెప్పాడు. నూట ముప్ఫై. నాది కూడా అంతే మెల్లగా చెప్పాను, కొన్నప్పటిదీ, ఇవాళ్టిదీ. తర్వాత, "ఇది మీకు వద్దండీ. నాకు కుదిరింది, మీకు కుదరదు" అన్నాను.

 అయితే ఏం చెయ్యమంటారు అన్నాడు. గట్టి బండి కొనేదాకా ఆగండి, ఇవాళ్టికి ఊరికే నిలబడే బదులు నాతో చివరి పెట్టె దాకా రండి అన్నాను. వచ్చాడు. నేను చూసుకుంటూ వెళ్లడం, ఆయన వెనకాల. పెట్టె పెట్టెకీ ఆగాం, ఇద్దరికీ ఆయాసమే, ఒకరినొకరు చూసి సిగ్గుపడలేదు. చివరి పెట్టెలో సీటు మొత్తం ఖాళీగా ఉంది. ఆయన కూర్చోలేదు. దిగడానికి ఇంకా రెండు స్టేషన్లున్నాయి, మళ్లీ మొదటిదాకా వెళ్దామా మేడమ్ అని అడిగాడు.

వెళ్దాం గానీ, ముందు మీ టికెట్ చూపించండి అన్నాను.

అక్క